పేరు పెట్టి పిలిస్తే

అమరకోశం వల్లె వేసినంత మాత్రాన ఉద్యోగాలు రావని మా తాతగారి కాలంలోనే తేలిపోయింది. ఆయన వీధిబడి నడిపిన మనిషి. అమరం మూడు కాండలూ నాలుక చివర వుండేవి గాని, చేతిలో నాలుగు కాసులు నిలిచిన పాపాన పోలేదు. ఆ పుస్తకమే ఆధారంగా నేను తెలుగు ఎం.ఏ. దాకా వచ్చి, అనంతపురంలో పాఠాలు చెప్పుకుంటున్నాను గనుక, ఆ మాట పూర్తిగా నిజం కాదని వాదించే హక్కు నాకు కొంచెం వుంది. అయినా అదే అమరకోశం, కంప్యూటరు మీద ఇళ్ళ ప్లానులు గీసే పిల్లకు అక్కరకు వస్తుందని ఎవరైనా ఏడాది కిందట చెప్పి వుంటే, నేను కూడా నవ్వి వూరుకునేదాన్ని.

ఆ పిల్ల మా అన్నయ్య కూతురు. అన్నయ్యది కళ్యాణదుర్గం దాటి లోపలికి పోతే వచ్చే పల్లె. మా ప్రాంతం సంగతి పాఠకులకు కొత్తగా చెప్పనక్కర లేదు. సంవత్సరం మొత్తానికి సగటున పడేది ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వాన. అదైనా పడవలసిన రోజున పడదు. శెనక్కాయ విత్తిన రైతు తలెత్తి చూస్తాడు, మబ్బు తల తిప్పుకుని పోతుంది. అన్నయ్య నాలుగు బోర్లు వేయించాడు. మూడింటిలో దుమ్ము లేచింది. నాలుగోదానిలో పడిన నీళ్ళు రెండు వేసవులు చూసి సెలవు పుచ్చుకున్నాయి. ఎక్కడ వేయాలో చెప్పటానికి ఒకాయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా నడిచాడు. ఇంకొకాయన వేపపుల్ల పట్టుకుని నడిచాడు. "నీళ్ళకు కాదమ్మా, నీళ్ళు వెతకడానికే మా దుడ్డంతా అయిపాయ" అంటాడు అన్నయ్య. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి. దీనితో మళ్ళీ పని వుంది.

అమ్మాయి పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా ముగించి మా ఇంట్లో వుంటున్నది. "ఉగాది లోపల ఏదైనా కొలువు కుదిరితే సరి, లేకుంటే వచ్చిన సంబంధం ఖాయం చేస్తాము" అని అన్నయ్యా వదినా గడువు పెట్టారు. వాళ్ళను తప్పు పట్టలేను. అప్పు వున్న ఇంట్లో ఎదురుచూడటం కూడా ఖర్చే. సంక్రాంతి వెళ్ళిన వారానికి, బెంగళూరులో ఇళ్ళ ప్లానులు గీసే ఒక ఆఫీసు వారు అమ్మాయిని పరీక్షకు పిలిచారు. చేతితో గీసిన చిన్న ఇంటి ప్లాను కాగితం ఇస్తారు. రెండు గంటలలో దానిని కంప్యూటరు మీద కొలతలతో సహా గీసి చూపించాలి. అంతే పరీక్ష.

ఆ రాత్రి బస్సు దిగి వచ్చిన పిల్ల మొగం చూస్తూనే సంగతి తెలిసిపోయింది. కంచం ముందు కూర్చోబెట్టి అడిగాను.

"ఎట్ల చేసినావు పాపా?"

"సగం గూడా కాలేదత్తా."

"గీయడం రాకనా?"

"గీయడం వచ్చు. ఏది యాడుండేదో కనపల్లేదు."

ఈ జవాబు నాకు వెంటనే బోధపడలేదు. మీలో కూడా కొందరికి బోధపడకపోవచ్చు. అందుచేత నాలుగు ముక్కలు వివరిస్తాను, తెలిసినవారు క్షమించాలి.

వెనుకటి రోజులలో ప్లాను గీయాలంటే వాలుబల్ల, టీ-స్క్వేరు, మూలమట్టాలు, నల్లసిరా వుండేవి. 1946లో పుట్టిన మా అనంతపురం ఇంజనీరింగు కళాశాల, అంటే నేటి జె.ఎన్.టి.యు., విద్యార్థులు మినీ డ్రాఫ్టరు చేత పట్టుకుని నడవటం ఈ వూరి వీధులకు అలవాటైన దృశ్యం. 1963లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఐవన్ సదర్లండ్ అనే పరిశోధక విద్యార్థి స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాము తయారుచేసి, కాంతి కలంతో తెర మీదనే గీతలు గీసి చూపించాడు. గీత కావాలా, వృత్తం కావాలా అని యంత్రానికి చెప్పటానికి పక్కన కొన్ని మీటలు అమర్చుకున్నాడు. 1982లో ఆటోడెస్క్ అనే కంపెనీ ఆటోకాడ్‌ను తెచ్చి, ఈ విద్యను మామూలు ఆఫీసు బల్లల మీదికి దించింది. ఇవాళ ధర్మవరం పట్టుచీర అంచు మీది నెమలి కావచ్చు, 2019లో పెనుకొండ దగ్గర ఉత్పత్తి మొదలుపెట్టిన కియా కార్ఖానాలో బిగించే కారు తలుపు కావచ్చు, మా వీధి చివర లేస్తున్న మేడ కావచ్చు. కంప్యూటరు తెర మీద ముందు ఒక పుట్టుక పుట్టి, తరువాతనే లోకంలోకి వస్తున్నాయి.

కాగితం మీద అయితే పెన్సిలు చెయ్యి చెప్పినట్టు వింటుంది. కంప్యూటరు అట్లా కాదు. ఏం చేయదలచుకున్నావో ముందు ఆజ్ఞ ఇవ్వాలి: గీత గియ్యి, చెరుపు, జరుపు, నకలు తియ్యి. అటువంటి ఆజ్ఞలు ఆటోకాడ్‌లో కొన్ని వందలు వున్నాయి. తరచుగా వాడేవాటికి తెర మీద చిన్న చిన్న బొమ్మలు వుంటాయి. మా అమ్మాయి కాలేజీలో నేర్చుకున్నది పాత కూర్పు మీద. అందులో బొమ్మలు తెర అంచుల వెంబడి వరుసలు కట్టి వుంటాయి. ఏ బొమ్మ ఏ మూల వుందో చోటును బట్టి ఆమె గుర్తు పెట్టుకున్నది. ఆజ్ఞ పేరును బట్టి కాదు. 2009 కూర్పు నుంచి ఆటోకాడ్‌లో రిబ్బన్ అని, తెర పైభాగాన వెడల్పాటి పట్టీ వచ్చింది. బెంగళూరు ఆఫీసులో వున్నది ఆ పట్టీ. ఎరిగిన బొమ్మలన్నీ ఇళ్ళు మారిపోయాయి.

గడియారం తిరుగుతుంటే కంగారులో రెండు మీటలు కలిపి నొక్కింది. పట్టీ మొత్తం మాయమైంది. కంట్రోల్ మీటనూ సున్నానూ కలిపి నొక్కితే అట్లా అవుతుందనీ, మళ్ళీ అవే నొక్కితే తిరిగి వస్తుందనీ మాకు తరువాత తెలిసింది. ఆ పూట అడగటానికి సిగ్గు అడ్డు వచ్చింది. రెండు గంటలలో ముప్పావుగంట వెతకటానికే పోయిందని పిల్ల లెక్క చెప్పింది. "నాయన బోర్లేసినట్లే అయిపాయ అత్తా" అని నవ్వబోయి ఏడ్చింది.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరునాటి పాఠానికి ఒక మాట చూసుకోవలసి వుండి బీరువా తెరిచాను. పై అరలో తాతగారి అమరకోశం, కింది అరలో బ్రౌను నిఘంటువు, దాని పక్కన శబ్దరత్నాకరం. కావలసినది వెతుక్కోవటానికి మనుషులు కనిపెట్టిన మార్గాలన్నీ ఈ బీరువాలోనే వున్నాయి గదా అని ఆ క్షణంలో తోచింది.

అమరసింహుడు మాటలను వర్గాలుగా కూర్చాడు. దేవతలను గురించినవి స్వర్గవర్గంలో వుంటాయి. చెట్లూ మూలికలూ వనౌషధివర్గంలో వుంటాయి. కొత్తగా నేర్చుకునేవాడికి ఇది ఎంతో మేలు. ఒక మాట కోసం పోతే దాని చుట్టపక్కాలందరూ కనబడతారు. కాని తొందర పని మీద పోయినవాడికి అది అడవి. 1852లో వచ్చిన సి.పి. బ్రౌను నిఘంటువూ, 1885లో వచ్చిన బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరమూ అకారాదిగా కూర్చినవి. వాటిలో మాట మొదటి అక్షరాలు తెలిస్తే చాలు. అది ఏ వర్గానిదో తెలియనక్కర లేదు. ఇక మూడోది మా తాతగారి పద్ధతి. పుస్తకం తెరవనే తెరవరు. అడిగీ అడగకముందే శ్లోకం దొర్లుకుంటూ వచ్చేది.

తెల్లవారుతూనే అమ్మాయిని లేపి, "ఆ పట్టీ ఏదో నాకొకసారి చూపించు" అన్నాను. ఇంజనీరింగు చదివే మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో, విద్యార్థులకు ఉచితంగా ఇచ్చే కొత్త కూర్పు వుంది. చూద్దును గదా, అచ్చం అమరకోశమే! గీసేవన్నీ డ్రా వర్గం. గీసినదాన్ని మార్చేవన్నీ మాడిఫై వర్గం. అక్షరాలూ కొలతలూ యానొటేషన్ వర్గం. పొరల వ్యవహారం లేయర్ల వర్గం.

"ఇది నేర్చుకునేవాళ్ళకు పెట్టిన వరస పాపా. పరీక్షలో నీకు కావలసింది నిఘంటువు. దీంట్లో అకారాది యాడుంది?" అని అడిగాను.

ఆమె తెర అడుగున వున్న సన్నటి గడి చూపించింది. "అది టైపు చేసేవాళ్ళదత్తా. పాతకాలం వాళ్ళు వాడుతుండ్రి. మేమెవురూ దాని జోలికి పోలేదు."

మాకు కావలసినది ఆ గడిలోనే వుంది. దాన్ని కమాండ్ లైన్ అంటారు. అందులో ఆజ్ఞ పేరు మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టగానే, ఆ అక్షరాల ఆజ్ఞలన్నీ జాబితాగా దిగుతాయి. బొమ్మలు కూర్పు కూర్పుకూ చోటు మారతాయి గాని, పేర్లు అంత తొందరగా మారవు. 1982 నుంచీ లైన్ లైనే, సర్కిల్ సర్కిలే. మీ స్నేహితురాలు ఎన్ని ఇళ్ళు మారినా పేరు పెట్టి పిలిస్తే పలుకుతుంది గదా!

రోజూ వాడే ఆజ్ఞలకు పొట్టిపేర్లు కూడా వున్నాయి. ఎల్ కొట్టి స్పేస్ బార్ నొక్కితే గీత వస్తుంది. సి కొడితే సర్కిల్. కాపీ కూడా సి తోనే మొదలవుతుంది గాని, ఆ అక్షరాన్ని సర్కిల్ ముందే ఆక్రమించుకున్నది గనుక, కాపీ పాపం సి ఓ అయింది. పల్లెలో ఇద్దరు రామన్నలుంటే రెండోవాణ్ణి మిట్టింటి రామన్న అన్నట్టు. అదే తీరున ఎం అంటే మూవ్, ఎం ఐ అంటే మిర్రర్. ఇ అంటే ఎరేస్, ఇ ఎక్స్ అంటే ఎక్స్‌టెండ్. టి అంటే అక్షరాలు రాయటం, టి ఆర్ అంటే ట్రిమ్. ఒక్క అక్షరం ఎవరికి దక్కింది, రెండక్షరాలు ఎవరికి పోయాయి అని చూసుకుంటూ పోతే వ్యాకరణ సూత్రాల మాదిరి మనసుకు పడతాయి.

ఒక గోడ కట్టి చూపిస్తాను. తొమ్మిది అంగుళాల గోడ అంటే ప్లానులో 230 మిల్లీమీటర్లు. ఎల్ కొట్టి గోడ బయటి గీత గీస్తాము. ఓ కొడితే ఆఫ్‌సెట్. 230 అని చెప్పి, గీతను తాకి, ఏ పక్కకు కావాలో ఆ పక్కన తాకితే లోపలి గీత సమాన దూరంలో దానంతట అదే పడుతుంది. గుమ్మం దగ్గర అడ్డంగా రెండు చిన్న గీతలు గీసి, టి ఆర్ కొట్టి, మధ్య ముక్కను తాకితే తెగిపోతుంది. పాత కూర్పులలో నడుమ ఒకసారి ఎక్కువగా ఎంటర్ నొక్కాలి. ఇదంతా జరిగేటప్పుడు ఎడమ చెయ్యి మీటల మీద, కుడి చెయ్యి మౌస్ మీద, కళ్ళు మాత్రం గోడ మీదనే వుంటాయి. బొమ్మ కోసం పైకీ కిందికీ చూడవలసిన పని లేదు. ఇప్పుడే చేసిన పని మళ్ళీ చేయాలంటే ఉత్త స్పేస్ బార్ నొక్కితే చాలు, ఆ ఆజ్ఞే తిరిగి వస్తుంది. తప్పు పడితే యు. పని మధ్యలో మనసు మారితే ఎస్కేప్.

ఆ రోజు నుంచి మా ఇంట్లో చిన్న బడి మొదలైంది. ఒక రూళ్ళ నోటుపుస్తకం. రోజుకు ఐదు ఆజ్ఞలు. ఎడమవైపు పొట్టిపేరు, మధ్యన పూర్తి పేరు, కుడివైపు తెలుగులో అది చేసే పని. సాయంత్రం నేను పప్పులో రాళ్ళు ఏరుతూ "జరుపు" అంటాను. ఆమె "ఎం" అంటుంది. "అద్దం" అంటే "ఎం ఐ". "మూల గుండ్రంగా" అంటే "ఎఫ్". చూసిపోదామని వచ్చిన వదిన ఈ అత్తాకోడళ్ళకు మతి పోయిందేమోనని కాసేపు కలవరపడింది.

రెండో వారంలో ఒక చిక్కు వచ్చింది. ఈ పొట్టిపేర్లన్నీ ఆకాడ్ డాట్ పి జి పి అనే ఫైలులో రాసి వుంటాయట; మనకు నచ్చినట్టు మార్చుకోవచ్చునట. ఆ రహస్యం మా అబ్బాయి చెప్పాడు. వెంటనే అమ్మాయి సి అనే అక్షరాన్ని సర్కిల్ దగ్గర లాక్కుని కాపీకి ఇచ్చింది. ఇంకా అరడజను ఆజ్ఞలకు తన ఇష్టం వచ్చిన పేర్లు పెట్టుకున్నది. పని మరీ జోరందుకుంది. నేనే అడ్డం పడ్డాను.

"పాపా, నీ ముద్దుపేరు ఏమి?"

"బుజ్జి."

"బడి రిజిస్టరులో అట్లే రాసినారా?"

ఆమెకు అర్థమైంది. పరీక్షలో ముందు పెట్టే కంప్యూటరుకు మన ఇంటి ముద్దుపేర్లు తెలియవు. అక్కడ సి కొడితే వృత్తమే వస్తుంది. సొంత ఆఫీసులో సొంత యంత్రం మీద ఏళ్ళ తరబడి పని చేసేవారు మార్చుకోవచ్చు, తప్పులేదు. నలుగురి యంత్రాల మీద కూర్చోవలసినవారు మాత్రం రిజిస్టరు పేర్లే నేర్చుకోవాలి. పాత పేర్లన్నీ తిరిగి పెట్టించాము.

మరి పేరే తెలియనప్పుడు? ఇక్కడ నాకు పరమానందం కలిగించిన సంగతి ఒకటి వుంది. 2014 కూర్పు నుంచి ఆ గడికి పర్యాయపదాలు తెలుసు! మూలను గుండ్రం చేసే ఆజ్ఞ పేరు ఫిల్లెట్. అది గుర్తు రాక రౌండ్ అని కొట్టినా, ఇది కావాలా అని ఫిల్లెట్‌ను చూపిస్తుంది. అక్షరం తప్పు పడితే దిద్దుకుంటుంది. మాట మొదలు గుర్తు లేక నడిమి ముక్క కొట్టినా, ఆ ముక్క వున్న ఆజ్ఞలను తెచ్చి పెడుతుంది. మా తాతగారు బతికి వుంటే దాన్ని శిష్యుడిగా స్వీకరించేవారు. ఇంకా తెలియకపోతే ఎఫ్ 1 నొక్కి సహాయం పుటలో ఆజ్ఞను చదవవచ్చు. కొత్త కూర్పులలో అక్కడ వెతికిపెట్టే మీట నొక్కితే, ఆ బొమ్మ పట్టీలో ఎక్కడ వుందో ఒక బాణం గుర్తు వచ్చి చూపుతుంది. యంత్రభాగాలు గీసేవారు వాడే సాలిడ్‌వర్క్స్‌లోనూ ఆజ్ఞలు వెతికే పెట్టె వుంది. ఎస్ మీట నొక్కితే ముఖ్యమైన ఆజ్ఞలు మౌస్ దగ్గరికే వస్తాయి. యంత్రం ఏదైనా, అడగటానికి ఒక చోటు తప్పక వుంటుంది. మొదటి రోజే ఆ చోటు కనుక్కోవాలి.

చివరకు నోటుపుస్తకం అట్ట మీద అమ్మాయి చేత ఒక వాక్యం రాయించాను: రోజూ వాడేది కంఠస్థం, అప్పుడప్పుడు వాడేది అకారాది, ఎన్నడో వాడేది వర్గం. ఇరవై ముప్పై ఆజ్ఞలకు మించి కంఠస్థం అక్కరలేదు. వందలాది ఆజ్ఞలూ బట్టీ పట్టబోయేవాడు మా తాతగారంతటివాడైనా కావాలి, పని లేనివాడైనా కావాలి.

ఫాల్గుణంలో ఇంకొక ఆఫీసు వారు పిలిచారు. అదీ బెంగళూరే, అదే రెండు గంటలు. ఈసారి తిరిగి వచ్చిన పిల్ల చెప్పులు విప్పకుండానే కథ మొదలుపెట్టింది. గీయటం ముగిసేసరికి ఇంకా ఇరవై నిమిషాలు మిగిలాయట. ఏం చేయాలో తోచక తాను గీసిన ఇంట్లోనే, మనసులో నడవసాగిందట. వీధి గుమ్మం దాటింది, కూడం దాటింది, స్నానాల గది తలుపు తెరిచింది. తలుపు వచ్చి మేడమెట్ల మొదటి మెట్టుకు కొట్టుకుంది! ఇచ్చిన కాగితంలోనే అట్లా వుంది. లేచి ఆ సంగతి వాళ్ళకు చెప్పి, తలుపు లోపలికి తిప్పి గీయమంటారా అని అడిగి వచ్చింది.

ఆ తలుపు కోసమే ఆమెను తీసుకున్నారో, మరెందుకు తీసుకున్నారో వారికే తెలియాలి. ఉగాదికి తొమ్మిది రోజుల ముందు కాగితం వచ్చింది. జీతం పెద్దదేమీ కాదు. గదీ తిండీ పోను ఇంటికి కొంత పంపవచ్చును. నాకు మాత్రం ఆ తలుపు మీదనే మనసు. మొదటి పరీక్షలోనూ కాగితంలో ఇటువంటి తప్పు ఏదైనా వుండి వుండవచ్చు. ఇల్లు చూసే తీరిక ఆనాడు పిల్లకు ఎక్కడిది? ఆమె కళ్ళు బొమ్మలు వెతుకుతున్నాయి. ఆజ్ఞ చటుక్కున దొరకటం వల్ల మిగిలేది నిమిషాలు మాత్రమే కాదు. దృష్టి ఇంటి మీద నిలుస్తుంది, అదీ అసలు లాభం.

ఉగాదికి అందరం పల్లెకు పోయాము. పచ్చడి తింటూ అమ్మాయి తండ్రికి ల్యాప్‌టాప్ తెరిచి చూపించింది. ఒక్కొక్క అక్షరం కొడుతుంటే గోడలు లేచాయి, గుమ్మాలు తెరుచుకున్నాయి, మెట్లు పడ్డాయి. అన్నయ్య చాలాసేపు మాట్లాడకుండా చూశాడు. తరువాత నెమ్మదిగా అడిగాడు:

"పాపా, దాంట్లో నీళ్ళు యాడుండేదీ చెప్పే అక్షరం ఏమన్నా ఉందా?"

"అది ఇంకా ఎక్కించలేదు నాయనా" అన్నది అమ్మాయి.

అన్నయ్య నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎన్నేళ్ళయిందో నేను లెక్క వేయలేదు. నోటుపుస్తకంలో చివరి పుట ఖాళీగా వుంది. ఆ అక్షరం కోసం అట్లాగే వదిలిపెట్టాము.